మసిపుండు పాకిన దారి
పెర్సివల్ పాట్ అనగానే, వృత్తి వల్ల వచ్చే క్యాన్సర్‌ను తొలిసారి గుర్తించిన వైద్యుడని చెబుతారు. 1775లో ఆ లండన్ శస్త్రవైద్యుడు రాసిన కొద్ది పుటల్లో అంతకన్నా విలువైనది, నా దృష్టిలో, వ్యాధి పాకే దారిని చూపడం. చిన్నప్పుడు పొగగొట్టాల్లోకి ఎక్కి మసి దులిపినవాళ్లకు పెద్దయ్యాక వృషణాల తిత్తి మీద గట్టి అంచుల పుండు లేచేది. పనివాళ్లు దాన్ని మసిపులిపిరి అనేవారు. వైద్యులు సుఖవ్యాధి అనుకుని పాదరసం ఇచ్చేవారు. ఆ పుండు చర్మాన్ని తొలుచుకుని వృషణానికి, గజ్జల్లోని గ్రంథులకు, చివరికి కడుపులోకి చేరుతుందని పాట్ వరుసగా వివరించాడు. అందుకే మొదట్లోనే కోసి తీసేయాలన్నాడు.

జబ్బును కణాలతో ముడిపెట్టి చూడని కాలంలో ఇది ఊహే కదా అనవచ్చు. కాదు. నేడు స్క్వామస్ సెల్ కార్సినోమా అంటున్న ఈ చర్మ క్యాన్సర్ పాకితే సాధారణంగా ముందు దగ్గరి శోషరస గ్రంథులకే చేరుతుందని తర్వాతి వైద్యం తేల్చింది. ఎండ వల్ల లేచేవాటిలో చాలావరకు పాకవు, కోసేస్తే నయమవుతాయి, నిజమే. పాత కాలిన మచ్చల మీద, పెదవి మీద, చెవి మీద వచ్చేవాటికి మాత్రం పాకే గుణం ఎక్కువ. మరి దారి తెలిశాక మసి దులిపే పిల్లలకు రక్షణ వెంటనే వచ్చిందా? 1788 చట్టం 8 ఏళ్లలోపు పిల్లల్ని మాత్రమే వద్దంది, అదీ సరిగా అమలు కాలేదు. పిల్లల్ని పొగగొట్టాల్లోకి ఎక్కించడం నిజంగా ఆగింది 1875 చట్టంతోనే. పాట్ రచన అచ్చయి అప్పటికి నూరేళ్లు. ఆ జాప్యాన్ని తెలియనితనం ఖాతాలో వేయలేం.