లినక్స్‌లో తెలుగు: ఆధార లైబ్రరీల చరిత్ర – హిందూపురం, పెనుకొండ, ధర్మవరం నేపథ్యం

ఉపోద్ఘాతం:

తెలుగు కంప్యూటరీకరణ చరిత్రలో ఫాంట్లకు, కీబోర్డు అమరికలకు, యూనికోడ్‌కు దక్కిన చోటు లైబ్రరీలకు దక్కలేదు. ఇక్కడ లైబ్రరీ అంటే పలు ప్రోగ్రాములు ఉమ్మడిగా వాడుకునే సిద్ధ కోడ్ భాండాగారం. లినక్స్‌లో ప్రతి ప్రోగ్రాము తనకు ఏయే లైబ్రరీలు, ఏ వెర్షన్లలో కావాలో తనలోనే రాసి ఉంచుకుంటుంది. ప్రోగ్రామును తెరవగానే లోడర్ అనే భాగం నిర్ణీత డైరెక్టరీలలో వాటిని వెదుకుతుంది. ఒక్కటి దొరకకపోయినా ప్రోగ్రాము మొదలు కాదు. ఈ లోటును పూడ్చే పద్ధతులు ఎలా మారుతూ వచ్చాయో, ఆ మార్పు తెలుగు ప్రాంతంలోని చిన్న పట్టణాలకు ఎంతవరకు అందిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ధర్మవరం మగ్గం చెప్పే పోలిక:

ధర్మవరం పట్టుచీరల నేతకు ఈ సంగతి కొత్త కాదు. జాకార్డు మగ్గంలో అంచు, పేట డిజైన్లను రంధ్రాలు కొట్టిన అట్టలు నడిపిస్తాయి. అట్టలను వరుసగా దారంతో కుట్టి కడతారు. నడుమ ఒక అట్ట లేకపోతే మగ్గం ఆగదు, డిజైను మాత్రం చెడుతుంది. ఎక్కువ కొక్కేల యంత్రానికి కొట్టిన అట్టలు తక్కువ కొక్కేల యంత్రంపై నడవవు. అట్ట ఉన్నంత మాత్రాన చాలదు, అది ఆ యంత్రానికి తగినదై ఉండాలి. 1804 నాటి ఈ ఫ్రెంచి యంత్రపు అట్టలే బాబేజ్ ఆలోచనకు ప్రేరణ అయ్యాయన్నది కంప్యూటర్ చరిత్రకారులు అంగీకరించిన విషయం. కాబట్టి ఈ పోలిక కేవలం ఆలంకారికం కాదు.

ప్యాకేజీల నుండి పరిష్కారకాల వరకు:

1991లో లినక్స్ కెర్నల్ వెలువడింది. 1993లో డెబియన్ మొదలైంది. డెబియన్ వారి డీపీకేజీ, రెడ్ హ్యాట్ వారి ఆర్‌పీఎం 1990ల నడిమి నాటికి ప్రోగ్రామును, దానికి కావలసిన ఆధారాల పట్టికను ఒకే కట్టగా చేశాయి. అయితే ఈ పరికరాలు లోటును చెప్పి ఊరుకునేవి. కావలసిన ప్యాకేజీని వాడుకరే వెదకి తెచ్చుకోవాలి. అది మరో రెండింటిని అడిగేది, అవి ఇంకొన్నిటిని. దీన్నే నాటి వాడుకరులు ఆధారాల నరకం అన్నారు.

1999 మార్చిలో డెబియన్ 2.1తో వచ్చిన ఆప్ట్ ఈ స్థితిని మార్చింది. ఆధారాల గొలుసును చివరిదాకా లెక్కగట్టి, అన్నిటినీ తానే తెచ్చి, సరైన క్రమంలో స్థాపించింది. ఆర్‌పీఎం వైపు యమ్ అదే పని చేసింది. ఈ లెక్క పైకి కనిపించినంత సులువు కాదు. పరస్పరం పొసగని వెర్షన్ల నడుమ ఒక ప్యాకేజీని స్థాపించగలమా లేదా అని తేల్చడం ఎన్‌పీ-కంప్లీట్ సమస్య అని 2006లో ఐరోపాకు చెందిన ఎడోస్ ప్రాజెక్టు పరిశోధకులు నిరూపించారు.

ఆప్ట్ వెనుక ఉన్న ఒక ఊహను మాత్రం చరిత్రకారులు అంతగా పట్టించుకోలేదు. ప్యాకేజీల భాండాగారం ఎప్పుడూ అందుబాటులో ఉంటుందన్నది ఆ ఊహ. డయలప్ కాలంలో చిన్న పట్టణానికి అది వర్తించదు. అక్కడ భాండాగారం అంటే సీడీల కట్టే. 2005లో వెలువడిన డెబియన్ 3.1 పూర్తిగా కావాలంటే డజనుకు పైగా సీడీలు కావలసి వచ్చేవి. ఆప్ట్‌కు సీడీలను చదివి జాబితా చేసుకునే పరికరం ఉండడం ఇందుకే. ఉబుంటు 2011 వరకు అడిగినవారికి ఉచితంగా సీడీ పంపింది. ఆ ఒక్క సీడీలో ప్రపంచ భాషలన్నీ పట్టవు. మిగిలిన భాషా ప్యాకేజీలను నెట్ నుండే తెచ్చుకోవాలి. సీడీ ఇంటికి చేరినా భాష చేరకపోవచ్చునన్న మాట. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మూడూ బెంగళూరు రైలు మార్గంలోనివే. 2001 నుండి లినక్స్ సదస్సులు జరిగిన ఆ నగరం హిందూపురానికి సుమారు వంద కిలోమీటర్ల దూరమే అయినా, నెట్ వేగంలో ఆ దూరం చాలా ఎక్కువ.

తెలుగుకు కావలసిన గొలుసు:

1991 నాటి యూనికోడ్ తొలి వెర్షన్‌లోనే తెలుగు చేరింది. కానీ సంకేతాలు ఉన్నంతనే ఒత్తులు, గుణింతాలు కూడవు. వాటిని కూర్చే పనిని 2002లో వచ్చిన జీటీకే 2.0తో పాంగో లైబ్రరీ చేపట్టింది. భారతీయ లిపుల కూర్పు అందులో విడి మాడ్యూలుగా ఉండేది. ఇక్కడ ఒక సూక్ష్మ భేదం గమనించదగినది. పాంగోయే లేకపోతే ప్రోగ్రాము తెరుచుకోదు, దోషం పేరుతో సహా తెలుస్తుంది. మాడ్యూలు ఒక్కటే లేకపోతే ప్రోగ్రాము తెరుచుకుంటుంది, తెలుగు మాత్రం పొల్లులతో విరిగి కనబడుతుంది. ధర్మవరం మగ్గంలో అట్ట తప్పినట్టే. ఏ దోషమూ నమోదు కాదు కనుక, లినక్స్‌కు తెలుగు రాదన్న అపోహకు ఈ రెండో రకం లోటే ఎక్కువగా దారితీసి ఉంటుంది. ఫైర్‌ఫాక్స్ తొలినాళ్ల వెర్షన్లలో పాంగో వాడుకను ప్రత్యేకంగా చేతనం చేయవలసి వచ్చేది. 2008లో వచ్చిన మూడో వెర్షన్‌తో ఆ ఇబ్బంది తీరింది. 2012లో పాంగో ఈ కూర్పు బాధ్యతను హార్ఫ్‌బజ్ లైబ్రరీకి అప్పగించింది.

ఫాంటు కూడా ఈ గొలుసులో భాగమే. దేశికాచారి రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు, రెడ్ హ్యాట్ వారి లోహిత్ ప్యాకేజీలుగా చేరాయి. హైదరాబాదు కేంద్రంగా స్వేచ్ఛ సంస్థ డెబియన్ ఆధారంగా తెలుగు వ్యవస్థనే కూర్చింది. తరువాత సిలికానాంధ్ర విడుదల చేసిన ఫాంట్లకు శ్రీకృష్ణదేవరాయ, పెద్దన, తిమ్మన, ధూర్జటి, సూరన్న, తెనాలి రామకృష్ణ, రామరాజ వంటి పేర్లు పెట్టారు. 1565 తరువాత విజయనగర రాజధానిగా నిలిచిన పెనుకొండలో ఒక విద్యార్థి డెబియన్‌లో తెలుగువిజయం ప్యాకేజీని స్థాపిస్తే, భువనవిజయం సగం అతని డైరెక్టరీలోకి వస్తుంది!

పరిశోధకుని ముందున్న సమస్య:

శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం పరిధిలోని ఈ పట్టణాలలో పరిశోధన చేసేవారికి ఇదంతా కేవలం సాంకేతిక చరిత్ర కాదు. తెలుగు డీటీపీలో చిరకాలం రాజ్యమేలిన అను ఫాంట్లు యూనికోడ్ సంకేతాలను వాడవు. ఆ దస్త్రాలు లినక్స్‌లో ఇంగ్లీషు అక్షరాల గందరగోళంగా తెరుచుకుంటాయి. ఆప్ట్ ఎన్ని లైబ్రరీలు తెచ్చినా ఈ లోటు తీరదు, సంకేతాలనే మార్చాలి. మార్చేటప్పుడు ఒత్తులు స్థానం తప్పవచ్చు కనుక మూలంతో సరిచూడడం తప్పనిసరి.

శాసన పాఠాల విషయం మరింత సున్నితం. రేనాటి చోళుల శాసనాలలో కనిపించే ప్రాచీన ళకార భేదానికి యూనికోడ్‌లో చోటు 2014లో మాత్రమే దక్కింది. దంత్య చ, జలు 2008లో, నకార పొల్లు 2021లో చేరాయి. ఆ సంవత్సరాలకు ముందు స్థాపించిన వ్యవస్థలో లైబ్రరీ పేరు అదే అయినా వెర్షన్ పాతది. అక్షరం స్థానంలో ఖాళీ గడి కనబడుతుంది. ఫ్లాట్‌పాక్, స్నాప్ వంటివి లైబ్రరీలను ప్రోగ్రాముతోపాటే మోసుకువస్తాయి కనుక వెర్షన్ చిక్కును తగ్గిస్తాయి. అయినా ఆ అక్షరమున్న ఫాంటు యంత్రంలో ఉండాలి. శాసన పాఠాన్ని దస్త్రంగా పంపే పరిశోధకుడు ఫాంటు పేరును, వెర్షన్‌ను పీఠికలో పేర్కొనడం, పీడీఎఫ్ ప్రతిలో ఫాంటును పొదగడం ఇప్పటికైనా ఆచారం కావలసి ఉంది.