నేత్రరోగ నివారణము

చూపును హరించు వ్యాధులలో ఏవి మానవప్రయత్నముచే రాకుండ నాపదగినవో, ఏవి వచ్చినను సకాలచికిత్సచే దృష్టినష్టము లేకుండ కుదుర్పదగినవో యెరిగి, తదనుగుణముగ వర్తించుట నేత్రరోగ నివారణ మనబడును. ప్రపంచమునందలి అంధత్వములో అధికభాగము ఈ రెండు తెగలలో ఏదో యొకదానికి చెందినదే. అయినను మన పల్లెలలో చూపు పోయినవారి వృత్తాంతములను విచారించినచో, వారి కన్నులను రోగముకంటె జాప్యమే యెక్కువగ కబళించినట్లు తోచును. కంటిలో నలుసు పడినవాడు క్షణము తాళలేడు. నొప్పి లేకుండ నెలల తరబడి చూపు సన్నగిల్లుచున్నవాడు మాత్రము దానిని వయసు మీదికి నెట్టి, పంచాంగములో అక్షరములే చిన్నవి చేసినారని సరిపెట్టుకొని యూరకుండును.

వృద్ధులలో చూపు తగ్గుటకు ముఖ్యకారణము శుక్లము. కనుపాపకు వెనుకనున్న స్వచ్ఛమగు కటకము క్రమముగ మసకబారి వెలుతురు నడ్డగించుటయే దీని స్వరూపము. సుశ్రుతసంహిత ఉత్తరతంత్రమున 76 నేత్రరోగములను వర్ణించి, మసకబారిన భాగమును శలాకతో దృష్టిమార్గమునుండి తొలగించు శస్త్రవిధానమును గూడ తెలిపినది. ఆ పద్ధతియే రూపాంతరములతో ఊరూర దిరుగు కంటివైద్యుల చేతులలో శతాబ్దముల పాటు నిలిచి, కొందరికి చూపునిచ్చి, మరికొందరికి కన్నునే పోగొట్టినది. రెండవ ప్రపంచయుద్ధమున విమానచోదకుల కన్నులలో గ్రుచ్చుకొనిన ప్లాస్టిక్ తునకలు వాపు పుట్టింపక పడియుండుట గమనించిన ఆంగ్లవైద్యుడు హెరాల్డ్ రిడ్లీ, 1949లో లండను నగరమున తొలిసారి కృత్రిమకటకమును కంటిలో నమర్చెను. నేటి శుక్లచికిత్స యంతయు ఆ యూహకు సంతానమే. శుక్లమును కరగించు చుక్కలమందు ఏదియు లేదు. పొగత్రాగుట, మధుమేహము, స్టెరాయిడ్ మందుల దీర్ఘకాలసేవనము, ఎండలోని అతినీలలోహిత కిరణములు దానిని త్వరపెట్టును గనుక, వానిని అదుపులో నుంచుకొనుట మాత్రమే మన చేతిలోని పని. ముదిరినగాని కోయరాదను మాట పాతకాలపు శస్త్రవిధానమునకు చెల్లినదే కాని నేడు చెల్లదు. మిక్కిలి ముదిరిన శుక్లము కంటిలో ఒత్తిడిని పెంచి, శస్త్రచికిత్సనే కష్టతరము చేయగలదు.

శుక్లమువలన పోయిన చూపు తిరిగి వచ్చును. నీటికాసులవలన పోయినది రాదు. ఈ భేదమును జనులు గ్రహింపకుండుటయే గొప్ప అనర్థమునకు మూలము. కంటిలో నిరంతరము ఊరుచుండు ద్రవము వెలికి పోవు దారి సన్నగిల్లినపుడు ఒత్తిడి పెరిగి, దృష్టినాడిని నలిపివేయును. ఈ యొత్తిడి సాధారణముగ పాదరసమానముపై 10 మొదలు 21 మిల్లీమీటర్ల వరకు నుండును. అంతకు లోబడిన యొత్తిడితోనే నాడి క్షీణించువారును గలరు గనుక కొలత యొకటి చాలదు, నాడిని గూడ చూడవలెను. మొదట పోవునది ప్రక్కచూపు. ఎదుటనున్నది చక్కగ కనబడుచుండుటచే రోగి గోడమీది అక్షరముల పరీక్షలో నెగ్గును; ద్వారబంధమునకు భుజము తగులుట మాత్రము ఎక్కువగును. 1996–2000 నడుమ హైదరాబాదునందును, పశ్చిమగోదావరి, ఆదిలాబాదు, మహబూబునగరము జిల్లాలయందును 10,000 మందికి పైగా పరీక్షించి ఎల్వీ ప్రసాద్ నేత్రవైద్య సంస్థవారు జరిపిన ఆంధ్రప్రదేశ్ నేత్రరోగ అధ్యయనమున, ఈ వ్యాధి బయటపడినవారిలో అత్యధికులకు అది తమకున్నదని అంతకుముందు తెలియనే తెలియదు. తల్లిదండ్రులకో తోబుట్టువులకో నీటికాసులున్నవారు మరింత మెలకువతో నుండవలెను.

మధుమేహమును ఇట్టిదే. రెటీనాలోని సన్నని రక్తనాళములు బలహీనపడి, రక్తమును ద్రవమును స్రవించుచున్నను చాలకాలము చూపు చెడదు. చెడునప్పటికి వ్యాధి ముదిరియుండును. 1851లో జర్మను శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్ కంటి లోపలిభాగమును చూచు సాధనమును కనిపెట్టిన పిదప ఈ మార్పులను ముందుగనే పసికట్టుటకు వీలు కలిగినది. మధుమేహము గలవారు, చూపు ఎంత బాగున్నను, ఏటికొకమారు చుక్కలు వేయించుకొని, కనుపాపను విప్పార్చి రెటీనాను చూపించుకొనవలెను. కొన్ని గంటలసేపు చూపు మసకగ నుండును గనుక నొకరిని తోడు తీసికొనిపోవుట మంచిది.

వ్యవసాయప్రధానమైన తెలుగునాట ప్రత్యేకించి చెప్పవలసినది కంటిపుండు. వరికోతలలో ఆకు మొనయో, నూర్పిళ్లలో ఎగిరిన ఊకపొట్టో, నల్లగుడ్డుమీది పారదర్శకమగు కార్నియాను గీచుకొనిపోవును. గీత సన్ననిదే, కాని దానివెంట శిలీంధ్రబీజములు లోపల ప్రవేశించును. ఒకటి రెండు దినములకు కన్ను ఎర్రబారి నీరు కారును. ఇంటివారు ఆకుపసరో ఆముదమో చనుబాలో పోయుదురు. లేక మందుల దుకాణమునుండి ఎర్రదనము తగ్గించు చుక్కలు తెత్తురు. ఆ చుక్కలలో స్టెరాయిడ్ ఉన్నచో ఎర్రదనము తగ్గి ఊరట కలుగును, లోపల పుండు నిరాటంకముగ వ్యాపించును. వారము దాటి ఆసుపత్రి చేరునప్పటికి నల్లగుడ్డుపై జనులు పువ్వు అనెడి తెల్లని మచ్చ యేర్పడియుండును. ఆ మచ్చ చూపు నడుమ దట్టముగ నిలిచినచో, మృతుల కన్నులనుండి గ్రహించిన కార్నియాను అతుకుట తప్ప గత్యంతరము లేదు. అట్టి కన్నులను మరణించిన ఆరు గంటలలోపల సేకరింపవలెను. కోతలకు పోవునపుడు సాదా కంటద్దములైనను ధరించుట, గీత పడిననాడే వైద్యుని చూచుట యను రెండు పనులు ఇంత దూరము రాకుండ నాపగలవు.

తాంబూలపు సున్నము ఇంతకంటె తొందరగ కీడు చేయును. పిల్లలు సున్నపు పొట్లమును పిసుకుచుండగ అది పగిలి కంటిలో చిందుట కద్దు. అప్పుడు ఆసుపత్రికి పరుగెత్తుట రెండవ పని. మొదటి పని నీరు. రెప్పలు రెండును విప్పిపట్టి, చేతికందిన శుభ్రమగు నీటితో అరగంట తగ్గకుండ ధారగ కడుగవలెను. రెప్పల మడతలలో దాగిన సున్నపు పలుకులను తడిగుడ్డ కొసతో తీసివేయవలెను. ఒక్క పలుకు మిగిలినను అది కార్నియాను కాల్చుచునే యుండును.

పసివారి అంధత్వమునకు ఒకప్పుడు మన దేశమున ముఖ్యకారణముగ నుండినది విటమిన్ ఏ లోపము. మొదట రేచీకటి, పిమ్మట తెల్లగుడ్డుపై నురుగువంటి మచ్చలు, తుదకు కార్నియా మెత్తబడి కరగిపోవుట దీని క్రమము. 1918లో కూనూరున చిన్న పరిశోధనశాలగ మొదలై, 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ చేసిన కృషి ఆధారముగ, 1970లో పిల్లలకు ఈ విటమిన్ ద్రావణమును త్రాగించు దేశవ్యాప్త కార్యక్రమ మారంభమైనది. తొమ్మిదవ నెలలో తట్టుటీకాతోపాటు 1 లక్ష యూనిట్లు, ఆపై అయిదేండ్లు నిండువరకు ఆరు నెలలకొకమారు 2 లక్షల యూనిట్లు చొప్పున మొత్తము 9 మోతాదు లిత్తురు. మునగాకు, తోటకూర, బొప్పాయి, మామిడి, కోడిగ్రుడ్డు మున్నగునవి ఆహారములో నుండవలెను. ఆకుకూరలలోని సారము వంటబట్టుటకు కొంచెము నూనె యవసరము. పొన్నగంటికూర తిన్నచో కంటద్దముల పని లేదను మాట మాత్రము అతిశయోక్తి. ఏ కూరయు హ్రస్వదృష్టిని మాన్పజాలదు.

కండ్లకలక చూపులవలన అంటుకొనదు, చేతులవలనను తువాళ్లవలనను అంటుకొనును. సబ్బుతో చేతులు కడుగుకొనుటయే దానికి తొలి మందు. పసికందుల కన్నులకు కాటుక దిద్దుట మానుట మేలు. అంగటి కాటుకలలో సీసము కలిసియుండవచ్చును, దిద్దువారి వ్రేలి మురికి సరేసరి.

నెలలు నిండక పుట్టిన శిశువుల విషయమున గడువు మిక్కిలి స్వల్పము. 34 వారములలోపల గాని 2 కిలోల లోపు బరువుతో గాని పుట్టినవారి రెటీనాను పుట్టిన 30 దినములలోపల పరీక్షింపించవలెను. మెల్లకన్ను అదృష్టచిహ్నమని మురిసి యూరకున్నచో, ఆ కన్ను చూచుటయే నేర్వక మందగించును. ఏడెనిమిదేండ్లు దాటిన పిదప దానిని సరిచేయుట దుర్లభము. బడిపిల్లలు దినమునకు రెండు గంటలైనను ఆరుబయట గడుపుటవలన హ్రస్వదృష్టి తగులుట తగ్గునని పరిశీలనలు తెలుపుచున్నవి. చేతిఫోనులపై వంగియుండు నేటి బాల్యమునకు ఈ మందు చేదుగ నుండవచ్చును గాని వెల లేనిది.

మన దేశము 1976లోనే అంధత్వ నివారణకు జాతీయ కార్యక్రమమును చేపట్టినది. తెలంగాణమున 2018లోను, ఆంధ్రప్రదేశమున 2019లోను కంటివెలుగు పేరిట శిబిరములు జరిగి, చత్వారము వచ్చియు అద్దములు కొనని లక్షలమందికి అవి ఉచితముగ దొరకినవి. ఇది కొనియాడదగిన పనియే. కాని అద్దములు చేతికి వచ్చినంతమాత్రమున పరీక్ష ముగిసినదని తలపరాదు. నలువది యేండ్లు నిండినవారు అద్దములు మార్చుకొనబోయినప్పుడైనను కంటి యొత్తిడిని కొలువుమనియు, రెటీనాను దృష్టినాడిని చూడుమనియు వైద్యుని అడుగవలెను.