డెన్వర్‌లో 1982 క్రిస్మస్

1982 డిసెంబర్ 24న కొలరాడో రాష్ట్రంలోని డెన్వర్ నగరంలో ఒక్కరోజునే సుమారు 2 అడుగుల మంచు కురిసింది. తూర్పుగాలులు రాకీ పర్వతాలకు ఎగబాకుతూ చల్లబడి, మోసుకొచ్చిన తేమనంతా అక్కడే దించాయి. విమానాశ్రయం మూతపడింది. చుట్టాలు రాలేదు, బజారుకు దారి లేదు. కుటుంబాలు ఇంట్లో ఉన్నదానితోనే పండుగ జరుపుకున్నాయి.

అంతవరకు జనం ఓర్చుకున్నారు. పండుగ వెళ్ళినా చిన్న వీధుల్లో మంచు తొలగకపోవడంతో కోపం రేగింది. 1968 నుంచి మేయరుగా ఉన్న విలియం మెక్‌నికొల్స్ 1983 ఎన్నికల్లో ఓడిపోయారు. ఫెడెరికో పెన్యా గెలిచారు. ఆ ఓటమికి మంచు ఒక్కటే కాకపోయినా, ఒక ముఖ్యకారణం.

తుఫానుకు మేయరు బాధ్యుడు కాడు. వీధి బాగుచేయించడం మాత్రం ఆయన పనే. పన్నులు కట్టే మనం ఈ తేడా గుర్తుంచుకోవాలి.