చుట్టకును విస్కీకిని చెలిమి యెట్లు కుదిరినది?

పాశ్చాత్యుల నవలలలోను చలనచిత్రములలోను మనకు తఱచుగ కనబడు దృశ్య మొకటి కలదు. విందు ముగిసినది. స్త్రీలు వేఱొక గదిలోనికి పోయిరి. పురుషులు తోలుకుర్చీలలో చేరగిలబడి, ఒక చేత హవానా చుట్టను, ఇంకొక చేత విస్కీ గ్లాసును పట్టుకొని రాజకీయములు ముచ్చటించుచుందురు. ఈ రెండును పుట్టుకతోనే కవలలనియు, వీనిని జతపఱచుట దొరల యిండ్లలో తరతరములుగ వచ్చుచున్న ఆచారమనియు చూచువారికి తోచును. చరిత్ర చెప్పు మాట వేఱు. ఈ జంట యేర్పడి నూటయేబది సంవత్సరములు నిండినవో లేదో. దీనిని కూర్చినవి రసికుల నాలుకలు కావు. ఒక యుద్ధము, ఒక సుంకపు చట్టము, ఒక పురుగు.

రెంటి జన్మపత్రికలను ముందుగా చూతము. 1492 నవంబరులో కొలంబస్ పంపగా రోడ్రిగో దె హెరెజ్, లూయిస్ దె టోరెస్ అను నిద్దఱు క్యూబా దీవి లోపలి భాగమునకు పోయిరి. అచ్చటి తైనో జాతివారు ఎండుటాకులను చుట్టి, ఒక కొన నంటించి, రెండవ కొననుండి పొగ పీల్చుటను వారు కనిరి. ఐరోపావారు చుట్టను గూర్చి యెఱుగుట కదియే మొదలు. దీనికి రెండేండ్ల తరువాత, 1494లో, స్కాట్లండు రాజుగారి ఖజానా లెక్కలలో ఒక పద్దు కనబడుచున్నది. జాన్ కార్ అను సన్న్యాసికి 'ప్రాణజలము' కాచుటకై యెనిమిది బోలుల మాల్టు, అనగా మొలకెత్తించి యెండబెట్టిన యవలు, ఇయ్యబడినవని దాని సారాంశము. ప్రాణజలమను అర్థమిచ్చు గేలిక్ మాటయే క్రమముగా అరిగి 'విస్కీ' అయినది. ఇట్లు రెండేండ్ల యెడములో రెండును ఐరోపా వ్రాతలలోని కెక్కినవి. కాని యవి యొకే బల్లమీద కుదురుగా కలిసికొనుటకు దాదాపు నాలుగువందల యేండ్లు పట్టెను.

ఆ నాలుగు శతాబ్దములలో రెంటికిని ఒకే శత్రువు తటస్థించెను. అది సుంకము. స్పెయిన్ ప్రభుత్వము 1717లో క్యూబా పొగాకు వ్యాపారమంతయు తన గుత్తక్రిందికి తెచ్చుకొనెను. పండించిన ఆకును ప్రభుత్వము చెప్పిన ధరకే ప్రభుత్వమునకే అమ్మవలయును. రైతులు మూడుమార్లు తిరుగబడిరి. 1723నాటి తిరుగుబాటులో కొందఱు ప్రాణములు గోల్పోయిరి. ఆ గుత్త 1817లో గాని రద్దు కాలేదు. స్కాట్లండులో విస్కీపై మొదటి సుంకము 1644లో విధింపబడెను. 1707లో ఇంగ్లండుతో ఐక్యమైన పిమ్మట భారము హెచ్చగా, కొండలోయలలో దొంగబట్టీలు పెరిగెను. 1823లో చట్టము మార్చి సుంకము తగ్గించిన తరువాతనే బహిరంగముగా బట్టీ పెట్టుట లాభసాటి యయ్యెను. 1824లో గ్లెన్‌లివెట్ లోయలో మొదటగా లైసెన్సు పొందిన జార్జి స్మిత్తును, చాటుగా కాచు ఇరుగుపొరుగువారు చంపెదమని బెదిరింపగా, ఆతడు జంట పిస్తోళ్లతో తిరుగవలసి వచ్చెనట.

ఇక చుట్ట ఇంగ్లండు చేరిన విధము. 1808 మొదలు 1814 వఱకు నెపోలియన్ సేనలతో పోరాడుటకు బ్రిటిషు సిపాయిలు స్పెయిన్, పోర్చుగల్ దేశములలో నుండిరి. అచ్చట మరిగిన చుట్టను వారు ఇంటికి గొనిపోయిరి. కాని ఆనాటి లండను నగరములో చుట్టకు తోడైనది విస్కీ కాదు. సంపన్నుల బల్లమీద నుండెడివి పోర్చుగల్ దేశపు పోర్టు ద్రాక్షాసవము, ఫ్రాన్సు దేశపు బ్రాందీ. విక్టోరియా రాణికి పొగాకనిన గిట్టదు. మర్యాదస్తుల యిండ్లలో పొగత్రాగుట కొక గది వేఱుగ నుండెను. రైళ్లలో పొగత్రాగువారికి ప్రత్యేకముగా పెట్టె లుండవలెనని 1868లో చట్టమే వచ్చెను. విస్కీ యన్ననో, చలికొండలలో వేటాడువారికి వెచ్చదనమిచ్చు మోటుసరకని లండను పెద్దమనుష్యుల అభిప్రాయము.

ఈ అభిప్రాయము మారుటకు మూడు కారణములు గలవు. మొదటిది యంత్రము. డబ్లిను నగరములో సుంకపు అధికారిగా పనిచేసిన ఈనియాస్ కాఫీ, 1830లో, ఎడతెగక నడచు నూతన బట్టీకి పేటెంటు పొందెను. దొంగబట్టీలను పట్టుకొనుటలో జీవితము గడపినవాడే విస్కీని అగ్గువ చేసెనన్నమాట. రెండవది చట్టము. ఈ యంత్రము కాచిన తేలిక ధాన్యపు విస్కీని, పాతబట్టీల ఘాటైన మాల్టు విస్కీతో సుంకము చెల్లింపకముందే గిడ్డంగులలో కలుపుటకు 1860నాటి చట్టము అనుమతించెను. ఎడింబరోలో ఆండ్రూ అషర్ వంటి వర్తకులు ఈ మేళవింపు విద్యలో ఆఱితేరిరి. ఘాటు తగ్గెను, ప్రతిసారి రుచి యొకేరీతిగా నుండుట సాధ్యమయ్యెను.

మూడవ కారణము ఫిలాక్సెరా. కంటికి ఆనని పేనువంటి యీ పురుగు, అమెరికానుండి వచ్చిన ద్రాక్షతీగెల వేళ్లను పట్టుకొని ఐరోపాలో అడుగిడెను. 1863 ప్రాంతమున దక్షిణ ఫ్రాన్సులో దాని జాడ కనబడెను. ఆ తరువాతి దశాబ్దములో అది కోన్యాక్ సీమను కబళించెను. ద్రాక్ష లేనిదే బ్రాందీ లేదు. లండను క్లబ్బులలో బ్రాందీసీసాలు కఱవయ్యెను. ఆ ఖాళీలోనికి మేళవింపు విస్కీ నడచివచ్చి కూర్చుండెను. చుట్టను ఐరోపాకిచ్చిన అమెరికా ఖండమే, చుట్టకు ప్రాతనేస్తమైన బ్రాందీని హరించిన పురుగునుగూడ పంపినది.

ఈ మార్పునకు సాక్షి కావలెనన్న విన్‌స్టన్ చర్చిల్ కలడు. 1895లో ఆతడు క్యూబాలో తిరుగుబాటుదారులతో స్పానిషు సేన సలుపు యుద్ధమును చూడబోయి, తన యిరువదియొకటవ పుట్టినదినమును అచ్చటనే గడపెను. హవానా చుట్టపై మక్కువ జీవితాంతము వీడలేదు. 1896లో రెజిమెంటుతో బెంగుళూరు చేరెను. మఱుసటి యేడు వాయవ్య సరిహద్దున మలకండ్ దండయాత్రలో నుండగా, త్రాగుటకు గోరువెచ్చని నీరు తప్ప గతిలేని యెండలలో, అంతవఱకు తాను సహింపలేని విస్కీని ఆ నీటిలో కలుపుకొని యలవాటు చేసికొనెను. తన తండ్రి బ్రాందీ సోడాల కాలమువాడనియు, వేటకుబోయి చలిలో నిలిచినపుడు తప్ప విస్కీ త్రాగగలవాడు కాడనియు ఆతడు 1930లో ప్రకటించిన స్వీయచరిత్రలో వ్రాసెను. ఒక తరములోనే రివాజు మాఱినది. ఆ మార్పు ఈ యొక్కనియందు మన దేశపు గడ్డమీదనే పూర్తియైనది.

మన దేశమునకు చుట్టతోగల బంధము అంతకంటె పాతది. ఇంగ్లీషువారు 'చెరూట్' అను మాట తమిళుల 'సురుట్టు'నుండి వచ్చినది. చుట్టబడినది గనుక మనకు 'చుట్ట'. చెన్నపట్టణపు దొరలు తిరుచినాపల్లి చుట్టలను కాల్చెడివారు. 1887లో వెలువడిన కానన్ డాయిల్ నవలలో షెర్లాక్ హోమ్సు బూడిదనుబట్టి గుర్తించిన చుట్ట తిరుచినాపల్లిదే. అదే రాజధానిలోని గోదావరి జిల్లాలో, వరదతీసిన పిమ్మట లంకలలో నిలిచిన ఒండ్రునందు పెరిగెడి లంక పొగాకు సముద్రము దాటి బర్మా చుట్టలలో చేరెడిది. కూలికై రంగూను పోయిన తెలుగువారిని, కోరంగి రేవు పేరునుబట్టి, అచ్చట 'కోరంగీ'లని పిలిచెడివారు. ఆకును, ఆకును పండించిన సీమ మనుష్యులును ఒకే సముద్రముమీద పయనించిరి. క్లబ్బులో పొగ వదలు దొరకు ఆ రెండింటి యూరుపేరులును తెలియవు.

చుట్టలు చుట్టు పనివారిని గూర్చి, రేడియో వినువారికి ప్రియమైన ముచ్చట యొకటి చెప్పవలయును. 1865లో హవానాలోని ఎల్ ఫిగారో కర్మాగారమున ఒక క్రొత్త యేర్పాటు మొదలయ్యెను. చేతులు ఆకు చుట్టుచుండగా చెవులు ఖాళీయే కదా. ఒక చదువరి యెత్తైన పీటపై కూర్చుండి పత్రికలను, నవలలను బిగ్గరగా చదివెడివాడు. ఆతని కూలి పనివారే తలాకొంత వేసికొని ఇచ్చెడివారు. అక్షరము రానివారికిగూడ దేశకాలములు తెలియసాగెను. మఱుసటి యేడే ప్రభుత్వము భయపడి దీనిని నిషేధించెను. అయినను ఆచారము మరల తలయెత్తెను. అమెరికాలో టాంపా నగరపు కర్మాగారముల యజమానులు 1931లో చదువరులను తొలగించి, వారి స్థానమున రేడియోలు పెట్టించిరి. చదువవలసినదేదో పనివారు కోరుకొనుట పోయి, వినిపించినది వినుట మిగిలెను. క్యూబాలో మాత్రము చదువరి నేటికిని కలడు.

ఈ రెంటికిని రుచిలో పొత్తు లేదని నా తాత్పర్యము కాదు. స్కాట్లండు దీవులలో యవలను పీట్ అను బురదనేల గడ్డలను కాల్చిన పొగపై ఆరబెట్టుదురు. ఆ పొగలోని గ్వయకాల్ మొదలగు పదార్థములు పొగాకు పొగలోను గలవు. విస్కీ కనీసము మూడేండ్లు నిలువవలెనన్నది మొదటి ప్రపంచయుద్ధకాలము నాటి చట్టము. మేలైన ఆకునుగూడ కుప్పలుపెట్టి మాగించి, యేండ్లతరబడి నిలువయుంతురు. ఏ చుట్టకు ఏ విస్కీ తగునని పట్టికలు వేయుట మాత్రము ఇటీవలి వర్తకపు నేర్పు. ఒకే బట్టీ మాల్టు విస్కీని విదేశములలో పేరుపెట్టి అమ్ముట 1963లో గ్లెన్‌ఫిడిక్ వారితో ఊపందుకొనెను. చుట్టలకే ప్రత్యేకించిన అమెరికా పత్రిక 'సిగార్ అఫిసియనాడో' 1992లో వెలువడెను.

ఈ చెలిమికి ఇంకొక పర్యవసానము కలదు. ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన కాన్సరు పరిశోధనసంస్థ 1986లో పొగత్రాగుటను, 1988లో మద్యపానమును మనుష్యులకు నిశ్చయముగా కాన్సరు కలిగించువానిలో చేర్చెను. నోటికి, గొంతునకు రెండును కలిసి చేయు కీడు, విడివిడిగా చేయు కీడుల మొత్తముకంటె అధికమని తేలినది. ఉత్తరాంధ్ర తీరమున నిప్పుకొనను నోటిలో నుంచుకొని చుట్టకాల్చు పేదస్త్రీల అంగిలికి కలుగు వ్యాధిని విశాఖపట్టణపు వైద్యులు పరిశీలించి లోకమునకు తెలిపిరి. తోలుకుర్చీ, గాజుపాత్ర వారు కలనైన ఎఱుగరు. ఆకు మాత్రము ఆకే.

కనుక ఆ దృశ్యము మరల కంటబడినపుడు దానిలో కనబడనివారినిగూడ తలచుకొందము: తిరుగబడిన క్యూబా రైతును, లోయలో దొంగబట్టీ కాచినవానిని, పీటపై నవల చదివినవానిని, లంకలో ఆకు కోసిన కూలిని. ఆ బల్లవద్ద కూర్చున్నవా రిద్దఱు ముగ్గురు. దానిని సిద్ధపఱచినవారు వేలకొలది.