జీతం పెరిగితే నష్టమా? ట్యాక్స్, ఈఎస్‌ఐ, రేషన్ లిమిట్ల వెనక అసలు లెక్క ఇదీ..

జీతం పెరిగితే ఎవరికైనా సంతోషమే. కానీ కొన్ని లిమిట్ల దగ్గర పెరిగిన డబ్బు కంటే చేజారే ప్రయోజనమే ఎక్కువగా ఉంటుంది. ఆదాయపు పన్ను, ఈఎస్‌ఐ, రేషన్ కార్డు.. మూడింటికీ ఇలాంటి గీతలున్నాయి. అవి దాటితే ఏమవుతుంది? ఎవరికి ఎక్కువ దెబ్బ?

రూ.12 లక్షల దగ్గర ఊరట

కొత్త పన్ను విధానంలో 2025-26 నుంచి పన్ను లెక్కకు వచ్చే ఆదాయం రూ.12 లక్షలు దాటకపోతే ట్యాక్స్ లేదు. జీతం తీసుకునేవారికి రూ.75,000 స్టాండర్డ్ డిడక్షన్ కలిపి రూ.12.75 లక్షల వరకు వర్తిస్తుంది. శ్లాబుల ప్రకారం పడే రూ.60,000ను రిబేట్‌గా తీసేస్తారు.

మరి ఆదాయం రూ.12.10 లక్షలైతే? శ్లాబుల లెక్కన రూ.61,500 కట్టాలి. అంటే రూ.10 వేలు ఎక్కువ వచ్చినందుకు రూ.61,500 పోతుంది! ఇలా జరగకుండా 'మార్జినల్ రిలీఫ్' పెట్టారు. రూ.12 లక్షలపైన ఎంత వస్తే ట్యాక్స్ అంతకు మించకూడదు. కాబట్టి కట్టేది రూ.10 వేలు, దానిపై 4 శాతం సెస్. దాదాపు రూ.12.70 లక్షల వరకు పెరిగిన డబ్బు చేతిలో మిగలదు కానీ, పెద్ద నష్టమైతే లేదు.

రూ.21 వేల దగ్గర ఈఎస్‌ఐ

ఈఎస్‌ఐకి నెల జీతం రూ.21,000 మించకూడదు. 2017 జనవరి నుంచి ఇదే లిమిట్. ఉద్యోగి వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. రూ.21 వేల జీతగాడు నెలకు కట్టేది రూ.157.50 మాత్రమే. దానికే ఇంటిల్లిపాదికీ వైద్యం అందుతుంది. జీతం రూ.500 పెరిగి గీత దాటితే ఆ కవరేజీ పోతుంది. బయట ఫ్యామిలీ మొత్తానికి హెల్త్ పాలసీ తీసుకోవాలంటే ఆ రూ.500 ఏ మూలకూ సరిపోదు.

రేషన్ కార్డుకు గీత ఎక్కడ?

తెలంగాణలో కుటుంబ వార్షికాదాయం పల్లెల్లో రూ.1.5 లక్షలు, పట్టణాల్లో రూ.2 లక్షలు దాటితే రేషన్ కార్డుకు అనర్హులు. ఏపీలో 2025లో అమలైన 'తల్లికి వందనం'కు నెలకు పల్లెల్లో రూ.10 వేలు, పట్టణాల్లో రూ.12 వేలు లిమిట్. కరెంటు వాడకం నెలకు సగటున 300 యూనిట్లు దాటినా కట్. గీత దాటినవారికి సగం సాయమేమీ ఉండదు. వస్తే మొత్తం వస్తుంది, లేకపోతే సున్నా.

అసలు తేడా ఇక్కడే. రూ.12 లక్షలు సంపాదించేవారికి మార్జినల్ రిలీఫ్ ఉంది. నెలకు రూ.12 వేలతో నెట్టుకొచ్చే కుటుంబానికి లేదు. దాంతో ఆదాయం తక్కువ చూపించాలని, పెంచిన జీతం లెక్కలో లేకుండా చేతికివ్వమని అడగాలని అనిపించడం సహజం. అసమానత తగ్గించాల్సిన పథకమే ఎదుగుదలకు అడ్డుకట్ట అవుతుంది.

మరి పరిష్కారం?

ఒకటి, సాయాన్ని మెల్లగా తగ్గించడం. బ్రిటన్‌లో 'యూనివర్సల్ క్రెడిట్' తీసుకుంటూ పనిచేసేవారికి, నిర్ణీత మినహాయింపు దాటాక పన్ను పోను చేతికొచ్చే ప్రతి పౌండుకు 55 పెన్స్ సాయం తగ్గుతుంది. మిగిలిన 45 పెన్స్ వాళ్లవే. అయితే దీనికి నెలనెలా ఆదాయం లెక్క పక్కాగా తెలియాలి. కూలీలు, చిరు వ్యాపారులు ఎక్కువున్న మన దగ్గర అది కష్టం.

రెండోది, లిమిట్టే తీసేయడం. తెలంగాణలో 'మహాలక్ష్మి', ఏపీలో 'స్త్రీ శక్తి' ఉచిత బస్సు ప్రయాణానికి ఆదాయ పరిమితి లేదు. పని కోసం ఎంత దూరం వెళ్లినా, ఎంత సంపాదించినా టికెట్ ఫ్రీనే. కానీ స్థోమత ఉన్నవారి ఖర్చునూ ప్రభుత్వమే మోయాలి.

ఇది గుర్తుంచుకోండి

ఈఎస్‌ఐలో ఏప్రిల్-సెప్టెంబర్, అక్టోబర్-మార్చి అని రెండు చందా కాలాలుంటాయి. మధ్యలో జీతం రూ.21 వేలు దాటినా ఆ కాలం ముగిసేదాకా చందా కొనసాగుతుంది. ఇంక్రిమెంట్ లిమిట్ దగ్గరికి వస్తుంటే, కంపెనీ గ్రూప్ ఇన్సూరెన్స్ ఇస్తుందా లేదా అన్నది ముందే అడిగి తెలుసుకోవడం మంచిది.