చక్రాల మీది ఇంటికి పన్ను

పన్నుల చరిత్ర తెలుసుకోవటానికి ప్రతిసారీ పెద్ద గ్రంథాలు తిరగేయనక్కరలేదు. ఒక్కొక్కప్పుడు ఒక రసీదు చాలు.

నా దగ్గర చరిత్ర చదువుకున్న కుర్రవాడొకడు కాలిఫోర్నియాలో ఒక గిడ్డంగిలో లెక్కలు చూస్తున్నాడు. కిందటేడు అతను నాకొక రసీదు ఫోటో పంపించాడు. రసీదు అతనిది కాదు. అదే గిడ్డంగిలో సామాను మోసే ఒక పెద్దాయనది. అద్దెలు భరించలేక ఆ పెద్దాయన ఇరవై ఏళ్లనాటి మోటార్‌హోమ్ ఒకటి మరొకరి దగ్గర కొని, అందులో కాపురం పెట్టాడు. రసీదుతోపాటు మా వాడు రెండు మాటలు రాశాడు: "మాస్టారూ, పన్ను ఎంత అని మాత్రమే కాదు, ఎవరిమీద అని కూడా అడగాలని మీరు క్లాసులో చెప్పేవారు. ఇది ఎవరిమీదో చూడండి."

చూశాను. చూసిన తరవాత ఈ వ్యాసం రాయక తప్పలేదు.

మోటార్‌హోమ్ అంటే ఇంజనూ, చక్రాలూ వున్న ఇల్లు. డ్రైవరు సీటు వెనక మంచం, పొయ్యి, నీళ్ల తొట్టి, మరుగుదొడ్డి అన్నీ వుంటాయి. వున్నవాళ్లు దాన్ని విహారయాత్రలకు కొంటారు. లేనివాళ్లు తలదాచుకోవటానికి కొంటారు. మొదటిరకంవాళ్లు కొత్తది కొంటారు, రెండోరకంవాళ్లు పాతది కొంటారు. ఈ తేడాను పాఠకులు గుర్తుంచుకోవాలి. పన్నులు వేసేవాళ్లు మాత్రం దీన్ని గుర్తుంచుకోలేదు.

రసీదులో వున్న సంగతి ఇది. బండి ధర 20,000 డాలర్లు. యాజమాన్యం మార్చినందుకు రుసుము 15 డాలర్లు. దానితో పేచీ లేదు, అది కాగితం పనికి కూలి. దానికింద "వినియోగ పన్ను" అనే పేరుతో 1,450 డాలర్లు వున్నాయి. కాలిఫోర్నియాలో అమ్మకం పన్ను రాష్ట్రమంతటా కనీసం 7.25 శాతం. చాలా వూళ్లలో స్థానికపు పన్ను కలిసి అంతకన్నా ఎక్కువే అవుతుంది. దుకాణంలో కొంటే అమ్మకం పన్నుగా, ఒక మనిషి దగ్గర కొంటే వినియోగ పన్నుగా అదే రేటు పడుతుంది. ప్రైవేటు మనిషి దగ్గర కొన్న బండి రిజిస్ట్రేషను తన పేరున మార్చుకోవటానికి వెళ్లినప్పుడు మోటారు వాహనాల శాఖ దాన్ని వసూలు చేస్తుంది.

ఇప్పుడు అదే రాష్ట్రంలో పునాదులున్న ఇంటి సంగతి చూద్దాం. ఇల్లు చేతులు మారితే కౌంటీకి చెల్లించవలసిన బదిలీ పన్ను వెయ్యి డాలర్లకు 1 డాలరు 10 సెంట్లు. అంటే పది లక్షల డాలర్ల ఇంటికి 1,100 డాలర్లు. కొన్ని నగరాలు తమ సొంత పన్ను కలుపుతాయి. లాస్ ఏంజెలెస్ ప్రజలు 2022లో వోటు వేసి, 50 లక్షల డాలర్లు దాటిన ఆస్తుల బదిలీమీద 4 శాతం, అంతకంటే పై మెట్టులో 5.5 శాతం పెట్టుకున్నారు. అయినా అటువంటి నగరాలు కొద్ది. రాష్ట్రంలో అత్యధిక భాగంలో పది లక్షల డాలర్ల భవనం బదిలీ అయితే 1,100, ఇరవై వేల డాలర్ల పాత బండి బదిలీ అయితే 1,450!

ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పెయ్యటం తేలిక. కాని అది చరిత్రకారుడి పని కాదు. భవనం యజమాని ఏటా సుమారు ఒక శాతం ఆస్తి పన్ను కట్టే మాట నిజం. అయితే బండి యజమాని కూడా ఏటా లైసెన్సు రుసుము అనే పేరుతో బండి విలువమీద 0.65 శాతం కడుతున్నాడు. ఆ రుసుము పుట్టిందే ఆస్తి పన్నుకు బదులుగా. కనక ఏటేటా కట్టే పన్ను ఇద్దరికీ వుంది. బదిలీ అయినప్పుడు పూర్తి ధరమీద విరుచుకుపడే పన్ను మాత్రం ఒక్కడికే వుంది. ఇది ఎట్లా వచ్చిందన్నదే ప్రశ్న.

అమెరికాలో చక్రాలమీద పన్ను చాలా పాతది. 1794లోనే అక్కడి కాంగ్రెసు గుర్రపుబగ్గీలమీద పన్ను వేసింది. 1796లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఆనాడు బగ్గీ ఎక్కేవాడు ధనికుడు. వ్యవసాయానికి వాడే బళ్లనూ, సరుకులు మోసే బళ్లనూ ఆ చట్టమే మినహాయించింది. అంటే పన్ను వేసినవాళ్లు ఒక విచక్షణ పాటించారు. బతుకుతెరువు చక్రం వేరు, విలాసపు చక్రం వేరు అని వాళ్లకు తెలుసు. ఆ విచక్షణ ఎప్పుడు పోయిందో తెలియాలంటే 1930ల సంక్షోభం దగ్గరకు రావాలి.

ఆ సంక్షోభంలో ఆస్తి పన్ను కట్టలేక రైతులూ, ఇళ్ల యజమానులూ గగ్గోలు పెట్టారు. పాఠశాలల ఖర్చు కౌంటీల నెత్తినుంచి రాష్ట్రం నెత్తికి మార్చాలనే సవరణను కాలిఫోర్నియా వోటర్లు 1933 జూన్‌లో ఆమోదించారు. ఆ ఖర్చుకు డబ్బు ఎక్కణ్ణించి రావాలి? శాసనసభ ఆదాయపు పన్ను బిల్లు పంపితే గవర్నరు జేమ్స్ రోల్ఫ్ దాన్ని తోసిపుచ్చాడు. అమ్మకం పన్నుకు మాత్రం సమ్మతించాడు. ఆగస్టు 1 నుంచి 2.5 శాతం అమలులోకి వచ్చింది. మొదట్లో అది తిండిసరుకులమీద కూడా పడింది. 1935లో తిండిసరుకులకు మినహాయింపు ఇచ్చి, రేటు 3 శాతం చేశారు. ఆదాయపు పన్నుకూడా ఆ ఏడే వచ్చింది. స్థిరాస్తిమీది బరువు తగ్గించటానికి కొనుగోలుదారుమీద బరువు పెట్టటం అనే సూత్రం అప్పుడు స్థిరపడింది. పునాదులున్న ఇల్లు ఈ ఏర్పాటువల్ల లాభపడ్డ పక్షం అని మరిచిపోరాదు.

1935లోనే మరి రెండు పనులు జరిగాయి. పొరుగు రాష్ట్రాలలో సరుకు కొని అమ్మకం పన్ను తప్పించుకోకుండా వినియోగ పన్ను పెట్టారు. అదే ఏడు మోటారు వాహనాలను కౌంటీల ఆస్తి పన్నునుంచి తప్పించి, రాష్ట్రమంతటికీ ఒకటే రేటుతో లైసెన్సు రుసుము పెట్టారు. అప్పుడది 1.75 శాతం, 1948లో 2 శాతం అయింది. ఈ రెండూ ఒకే బండిమీద కలుసుకున్నాయి.

ఆ రోజుల్లో ఆ రాష్ట్రంలోకి ఎటువంటి బళ్లు వస్తున్నాయి? ఓక్లహోమాలో, టెక్సస్‌లో, ఆర్కన్సాలో భూములు పోగొట్టుకున్న కౌలురైతులు పరుపులూ, వంటసామానూ, పిల్లలూ సమస్తం ఎక్కించిన డొక్కు మోటార్లు వస్తున్నాయి. బండే వాళ్ల ఇల్లు. 1936 ఫిబ్రవరిలో లాస్ ఏంజెలెస్ పోలీసు అధిపతి 136 మంది పోలీసులను రాష్ట్ర సరిహద్దులకు పంపి, చేతిలో డబ్బులేనివాళ్లను వెనక్కు తిప్పించాడు. బీదవాణ్ణి రాష్ట్రంలోకి తీసుకురావటమే నేరమనే చట్టంకూడా వుండేది. దాన్ని సుప్రీంకోర్టు 1941లో కొట్టివేసింది. కదిలే ఇంట్లో వున్నవాడు పౌరుడు కాదు, అనుమానితుడు అనే దృష్టి ఈ సంఘటనల్లో స్పష్టంగా కనిపిస్తుంది.

తరవాతి చరిత్ర అంతా పునాదులున్న ఇంటికి అనుకూలంగా నడిచింది. స్థిరాస్తి దస్తావేజులమీద కేంద్రం వసూలు చేసే స్టాంపు పన్ను 1968 జనవరితో ముగిసింది. అది ముగియబోతుండగా కాలిఫోర్నియా 1967లో చట్టం చేసి, అదే స్వల్పమైన రేటును కౌంటీలకు అప్పగించింది. ఆ రేటు నేటికీ మారలేదు. అమ్మకం పన్ను మాత్రం 2.5 నుంచి 7.25కు పెరిగింది. 1978లో "పదమూడవ ప్రతిపాదన" గెలిచి, ఇంటి ఆస్తి పన్నును ఒక శాతానికి కట్టేసింది. ఇల్లు చేతులు మారనంతకాలం పన్ను లెక్కకు తీసుకునే విలువ ఏడాదికి 2 శాతానికి మించి పెరగకూడదన్నది. 1980 జూలైనుంచి కొత్తగా అమ్మే మొబైల్ హోములను, అంటే ఒకచోట నిలిపివుంచే బండి ఇళ్లను, ఆస్తి పన్ను కిందికి తెచ్చారు. అటువంటి పాత ఇల్లు చేతులు మారితే అమ్మకం పన్ను లేదు. చూడండి: అదే రేకు గోడలు, అదే ఇరుకు గది. కదలకపోతే ఇల్లు, ఇంజనుంటే సరుకు!

ఇంకో విశేషం. కాలిఫోర్నియాలో పక్కింటాయన దగ్గర పాత సోఫా కొంటే పన్ను లేదు. ఎప్పుడో ఒకసారి జరిగే ఇటువంటి ప్రైవేటు అమ్మకాలకు మినహాయింపు వుంది. వాహనాలకూ, పడవలకూ, విమానాలకూ ఆ మినహాయింపు లేదు. ఎందుకంటే సోఫాను రిజిస్టరు చెయ్యనక్కరలేదు, బండిని చెయ్యాలి. కిటికీ దగ్గరకు రాక తప్పనివాడి దగ్గర పన్ను వసూలు చెయ్యటం సులభం. న్యాయంగా వున్న పన్ను కన్న సులభంగా వసూలయే పన్నే పాలకులకు ప్రియం అన్నది ఏ దేశచరిత్రలోనైనా కనిపించే సత్యం.

దీని ఫలితం లెక్క వేద్దాం. లక్ష డాలర్లకు కొన్న కొత్త మోటార్‌హోమ్‌కు 7,250 పన్ను పడుతుంది. అది 60,000కు మారితే 4,350. 35,000కు మారితే 2,537 డాలర్ల 50 సెంట్లు. చివరకు 20,000కు మా పెద్దాయన చేతికి వస్తే 1,450. వెరసి 15,587 డాలర్ల 50 సెంట్లు. లక్ష డాలర్ల సరుకు ఒక్కటే, కొత్త విలువ ఏమీ పుట్టలేదు. పైగా ప్రతి అమ్మకంలోనూ విలువ తరుగుతూనే వచ్చింది. అయినా అదే సరుకుమీద నాలుగుసార్లు పన్ను పడింది. చివరి మూడుసార్లూ కట్టినవాళ్లు, మొదటివాడిలాగా కొత్తది కొనలేనివాళ్లు.

దీన్ని మన దేశంతో పోల్చి చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. ఇక్కడ ఒక మనిషి తన పాత కారును మరో మనిషికి అమ్మితే జి.ఎస్.టి. లేదు. పాత కార్ల వ్యాపారి అమ్మితే 2025 జనవరినుంచి 18 శాతం వుంది గాని, అది పూర్తి ధరమీద కాదు, అతని లాభంమీద. మన పన్నుల విధానం ఆదర్శప్రాయమని నేననను. ఇల్లు రిజిస్టరు చేయించుకున్న ప్రతి గుమాస్తాకూ మన స్టాంపు డ్యూటీ రుచి తెలుసు. కాని ఒకసారి పన్ను కట్టిన వస్తువు మళ్లీ అమ్ముడుపోతే కొత్తగా వచ్చిన లాభంమీదనే పన్ను వెయ్యటం సాధ్యమేనని ఇది రుజువు చేస్తుంది.

"రోడ్లు వాడుకుంటున్నారు, కట్టవద్దా?" అని కొందరు అడగవచ్చు. కట్టవలసిందే. పెట్రోలు పన్నులోనూ, ఏటేటా రిజిస్ట్రేషన్‌లోనూ కడుతూనే వున్నారు. అమ్మకం పన్ను రోడ్లకోసం పుట్టింది కాదు, ఆస్తి పన్ను బరువు దించటానికి పుట్టింది. "మోటార్‌హోములు కొనేవాళ్లలో కోటీశ్వరులు లేరా?" అనేది మరో ప్రశ్న. వున్నారు. వాళ్లేం చేస్తున్నారో కూడా చూద్దాం. మోంటానా రాష్ట్రంలో అమ్మకం పన్ను లేదు. అక్కడ కాగితంమీద ఒక కంపెనీ పెట్టి, ఆ కంపెనీ పేరున లక్షల డాలర్ల బండి కొని, కాలిఫోర్నియాలో తిరిగేవాళ్లున్నారు. ప్రభుత్వం కొందరిని వెంటాడి వసూలు చేస్తున్నది, పట్టుబడనివాళ్లు పట్టుబడటం లేదు. ఇది మనకు వింతేమీ కాదు. ఖరీదైన కార్లు పుదుచ్చేరిలో రిజిస్టరు చేయించి సొంత రాష్ట్రపు పన్ను ఎగవేశారని 2017లో కేరళలో పెద్ద రభసే జరిగింది. గిడ్డంగిలో మూటలు మోసేవాడు కంపెనీ పెట్టలేడు. అతను కిటికీ దగ్గర నిలబడి డబ్బు కడతాడు.

కారు పన్నుమీద కాలిఫోర్నియాలో పోరాటమే జరగలేదా అంటే, జరిగింది. 1998 చట్టంతో మొదలుపెట్టి 2 శాతం లైసెన్సు రుసుమును అంచెలంచెలుగా 0.65కు దించారు. 2003లో గవర్నరు గ్రే డేవిస్ హయాములో అది మళ్లీ 2 శాతానికి వెళ్లగానే జనం మండిపడ్డారు. ఆ అక్టోబరులో వోటర్లు అతన్ని పదవినుంచి దించారు. కొత్త గవర్నరు ష్వార్జ్‌నెగర్ నవంబరు 17న పదవి స్వీకరించిన రోజే పెంపు రద్దు చేశాడు. విలువమీద వేసే రుసుము తగ్గితే ఎవరికి ఎక్కువ మిగులుతుంది? ఎక్కువ విలువైన బండి వున్నవాడికి. పాత బండి కొనేవాడిమీద పడే వినియోగ పన్ను ఆ ఉద్యమానికి ఆనలేదు. పన్నులకు వ్యతిరేకంగా సాగే ప్రతి ఉద్యమమూ ప్రజా ఉద్యమం కాదని చెప్పటానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

కనక మనం కోరవలసింది పన్నులే వద్దని కాదు. పన్నులు లేకపోతే బడి లేదు, ఆస్పత్రి లేదు. 1794లో బగ్గీల చట్టం రాసినవాళ్లకు వున్నపాటి విచక్షణ వుండాలని మాత్రమే. మనిషి నివసించే బండిని నివాసంగా గుర్తించాలి. ఒకసారి పన్ను కట్టిన పాత బండికి, ఒక హద్దు ధర లోపల, మళ్లీ పన్ను లేకుండా చెయ్యాలి. అందువల్ల తగ్గే డబ్బు మోంటానా కంపెనీల దగ్గరా, భారీ భవనాల బదిలీలమీదా రాబట్టవచ్చు. లాస్ ఏంజెలెస్ వోటర్లు ఆ దారి కొంతవరకు చూపించారు.

మా వాడికి ఇదంతా రాసి పంపాను. పెద్దాయనకు చదివి వినిపించాడట. ఆయన విని, "ఇంతకాలం ఆ 1,450 నా ఖర్మ అనుకున్నాను. దానికో తారీఖు వుందన్నమాట" అన్నాడట. తారీఖు వున్నది ఖర్మ కాదు. ఎవరో ఒకనాడు చేసిన నిర్ణయం. చేసినదాన్ని మార్చవచ్చు.