ఆల్డిహైడ్ డీహైడ్రోజినేజ్‌లు

శరీరంలో పుట్టే, బయటి నుంచి చేరే ఆల్డిహైడ్లను ఆమ్లాలుగా మార్చి వాటి హానిని తగ్గించే ఎంజైముల కుటుంబం. మనిషిలో వీటికి 19 జన్యువులున్నాయి. ఆల్డిహైడ్లు ప్రోటీన్లకూ డీఎన్‌ఏకూ అతుక్కుని వాటిని పాడుచేస్తాయి. మద్యం ముట్టనివారిలోనూ కొవ్వులు ఆక్సీకరణం చెందినప్పుడల్లా ఇవి తయారవుతూనే ఉంటాయి.

వీటిలో ముఖ్యమైనది మైటోకాండ్రియాలో ఉండే ఏఎల్‌డీహెచ్2. మద్యం నుంచి కాలేయంలో ఏర్పడే ఎసిటాల్డిహైడ్‌ను ఇది ఎసిటేట్‌గా మారుస్తుంది. తూర్పు ఆసియాలో చాలామందికి ఈ ఎంజైములో 504వ స్థానంలో గ్లుటామేట్‌కు బదులు లైసిన్ ఉంటుంది. నాలుగు ఉపభాగాలు కలిస్తేనే ఎంజైము పనిచేస్తుంది కాబట్టి, తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచి ఈ మార్పు సంక్రమించినా సామర్థ్యం సగానికన్నా బాగా పడిపోతుంది. కొద్దిగా తాగగానే ముఖం ఎర్రబడుతుంది, గుండె దడదడలాడుతుంది. దీన్ని ఒంటికి పడకపోవడమని కొట్టిపారేయకూడదు. అలాంటివారు తాగుతూనే ఉంటే అన్నవాహిక క్యాన్సర్ ముప్పు చాలా పెరుగుతుంది.

మద్యం మాన్పించడానికి ఇచ్చే డైసల్ఫిరామ్ ఈ ఎంజైమునే అడ్డుకుంటుంది. ఆ మాత్రను రోగికి చెప్పకుండా అన్నంలో కలిపి పెడితే, తెలియక తాగినప్పుడు ప్రాణం మీదికి రావచ్చు. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే నైట్రోగ్లిజరిన్ పనిచేయడంలోనూ ఏఎల్‌డీహెచ్2కు ప్రధాన పాత్ర ఉంది.